బైబిల్ పుస్తకాల పట్టిక ఎవరి అధికారంతో ఖరారైంది?

కతోలికుల బైబిల్‌లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ల దాంట్లో 66. తేడా అంతా పాత నిబంధనలోనే: తోబీతు, యూదితు, జ్ఞానగ్రంథం, సీరా, బారూకు, మక్కబీయులు రెండు, దానియేలు, ఎస్తేరులలో కొన్ని అదనపు భాగాలు. చిక్కుముడి పడేది ఈ లెక్క వెనకున్న వాదన దగ్గర. తెలిసినవాళ్లు విప్పగలరా?

"లేఖనమే అంతిమ ప్రమాణమంటారు, మరి లేఖనాల పట్టిక లేఖనంలో లేదే, తేల్చింది సంఘమే కదా" అని కతోలికులు అడుగుతారు. గట్టి ప్రశ్నే. కానీ ఆ పుస్తకాలున్న పట్టికను మొదట ఆమోదించిన హిప్పో (393), కార్తేజ్ (397) రెండూ ప్రాంతీయ సభలు, మొత్తం సంఘానివి కావు. 1442లో ఫ్లోరెన్స్ మహాసభ ఇదే పట్టిక ఇచ్చాక కూడా, 1532లో కార్డినల్ కయెటాన్, హీబ్రూ బైబిల్‌లో లేని పుస్తకాలను వేరుగా చూసిన ప్రాచీన అనువాదకుడు జెరోము వైపే మొగ్గి, ఆ అదనపు పుస్తకాలతో సిద్ధాంతాలను స్థాపించకూడదన్నాడు. ఒప్పుకోనివాళ్లను శపిస్తూ కట్టుదిట్టం చేసింది 1546లో ట్రెంట్ మహాసభ. మరి అంతవరకూ విశ్వాసులకు ఆ నిశ్చయం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ప్రొటెస్టెంట్ల జవాబూ నాకు పూర్తిగా ఆనడం లేదు. సంఘం పుస్తకాలను గుర్తించిందే తప్ప వాటికి అధికారం ఇవ్వలేదని, లేఖనం తనకు తానే సాక్షి అని అంటారు. అలాగైతే 1522 నాటి జర్మన్ కొత్త నిబంధనలో ప్రొటెస్టెంట్ సంస్కరణకు ఆద్యుడైన లూథర్ హెబ్రీయులకు, యాకోబు, యూదా, ప్రకటన అనే పుస్తకాలను చివరికి నెట్టి, విషయసూచికలో వాటికి వరస అంకె కూడా ఎందుకు వేయలేదు? ఆ సాక్ష్యం ఆయనకే స్పష్టంగా అందలేదంటే, మామూలు పాఠకుడికి కొలమానం ఏది?

దయచేసి 1 తిమోతి 3:15కి (సంఘం సత్యానికి స్తంభం) 2 తిమోతి 3:16ను (లేఖనమంతా దైవప్రేరితం) ఎదురుపెట్టి ఆపేయకండి. ఆ రెండు వచనాలూ ఏ పుస్తకం చేరుతుందో చెప్పవు. ట్రెంట్‌కు ముందు కాలం గురించి కతోలిక పండితులు, లూథర్ సందేహాల గురించి ప్రొటెస్టెంట్ పండితులు ఇచ్చే అసలు వివరణ కావాలి.