చలికాలం వస్తే అమ్మ డల్ అయిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. అమ్మకు అరవై దాటాయి. ఎండాకాలమంతా బాగానే ఉంటుంది, అనంతపురం ఎండనే తట్టుకునే మనిషి! వేరుశనగ పంట ఇంటికొచ్చి, చలి మొదలైతే చాలు, మనిషే మారిపోతుంది. ఆరు దాటి చీకటి పడగానే తలుపులేసుకుని, శాలువా కప్పుకుని మంచమెక్కేస్తుంది. సంగటి ముద్ద సగం తిని పళ్లెం పక్కకు జరుపుతుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి అప్పుల లెక్కలు మొదలు. అడిగితే "నాకేం కాలేదులేప్పా" అంటుంది.

పగటి వెలుతురు తగ్గితే కొందరికి ఏటా ఇలా దిగులు వస్తుందని చదివాను. కానీ అది ఎక్కువగా చలిదేశాల్లో అట కదా, మన సీమలో డిసెంబర్లో కూడా పగలు పదకొండు గంటల పైనే ఉంటుంది. మరి ఇది అదేనా, లేక అప్పుల టెన్షనా? థైరాయిడ్ తగ్గినా నీరసం, దిగులు ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష ఎలాగూ చేయిస్తాను.

పొద్దున ఎండలో కాసేపు నడిపిస్తే మీ ఇళ్లలో ఎవరికైనా గుణం కనిపించిందా? టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసినవాళ్లు ఉంటే ఎలా మాట్లాడతారో చెప్పండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అసలు చిక్కల్లా, మానసిక డాక్టర్ అనగానే "నాకేమన్నా పిచ్చా" అంటుంది. అలాంటి పెద్దవాళ్లను మీరెలా ఒప్పించారు?