వెనిగర్ చల్లితే తుంగ చస్తుందా?

ప్రశ్న:
ఇంటి ముందు దారికి తాండూరు బండలు పరిపించాం. వానలు మొదలవగానే సందుల్లో తుంగ, గరిక పోటీపడి మొలిచాయి. పక్కనే గులాబీలు ఉన్నాయి కనుక కలుపు మందు కొట్టడం ఇష్టం లేదు. వంటింటి వెనిగర్‌లో ఉప్పు, సబ్బునీళ్ళు కలిపి చల్లమని ఒక వీడియోలో చూసి రెండు సీసాలు ఖర్చు చేశాను. సాయంత్రానికి ఆకులు మాడిపోతే సంబరపడ్డాను. పది రోజులకు తుంగ మళ్ళీ తలెత్తింది. తప్పెక్కడ జరిగింది?

జవాబు:
తుంగ సంగతే అంతండీ. వెనిగర్ తగిలిన ఆకును కాలుస్తుంది గాని వేళ్ళలోకి దిగదు. తుంగ ప్రాణం నేలలోని గడ్డల్లో ఉంటుంది. మూలికల కొట్లో తుంగముస్తలని అమ్మేవి అవే. గరికకు కణుపు కణుపుకూ వేరు పుడుతుంది. వంటింటి వెనిగర్‌లో ఆమ్లం నాలుగైదు శాతమే. రెండు మూడు ఆకులు వేసిన లేత కలుపు మీద, మంచి ఎండలో చల్లితే పనిచేస్తుంది.

ఉప్పు మాత్రం ఇంకెప్పుడూ కలపకండి. అది వానకు కరిగి గులాబీ పాదుల్లోకే చేరుతుంది.

ఇంతకీ బండలు ఎలా ఉన్నాయి? తాండూరు బండ సున్నపురాయి. చింతపండు పులుసు ఒలికిన కడప బండ అరుగు మీద మచ్చ చూసే ఉంటారు. ఇదీ అదే కథ, వెనిగర్ పులుపు సున్నపురాయిని తినేస్తుంది.

అడిగినవారు:
అయ్యో, మచ్చలు నిజమే! సబ్బు మరకలనుకుని మూడు రోజులు రుద్దాను. ఇరవై శాతం ఘాటుది కూడా దొరుకుతుందట, తెప్పించనా?

జవాబు:
వద్దు. కంట్లో పడితే చూపే పోవచ్చు. అంత సాహసం చేసినా గడ్డలు చావవు.

మరొకరు:
మా పెరట్లో నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి చూశాను. తుంగ మొన దాన్నీ పొడుచుకుని వచ్చింది! చివరికి నమ్ముకున్నది సన్న గునపాన్నే. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉంటుంది, గడ్డతో సహా వస్తుంది. పైన పీకితే గడ్డ తెగి లోపలే ఉండిపోతుంది, అందుకే తవ్వాలి. తీసిన గడ్డలను కంపోస్టులో వేయకండి, మళ్ళీ మొలుస్తాయి. ఒక్కసారితో తీరే పని కాదు. మొలక కనబడినప్పుడల్లా తీస్తూ ఉంటే గడ్డ నీరసిస్తుంది. తరువాత సందులను సిమెంటుతో పూడ్పించండి.

అడిగినవారు:
రాత్రికి వాన వచ్చేలా ఉంది, గునపం వెతుకుతాను. ఇంకా అర సీసా వెనిగర్ మిగిలింది, ఏం చేయను?

జవాబు:
బోరు నీళ్ళకు కుళాయిల మీద పేరుకున్న తెల్లపొరను గుడ్డతో అద్ది తుడవండి, బాగా వదులుతుంది. కింద బండ ఉంటే చుక్క పడనివ్వకండి.