భయం తగ్గితే భక్తి తగ్గాలి కదా, మన బెజవాడలో పెరిగిందేమిటి?

పటమట కుర్రోడు:
సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నా. మతం మూలం సమాజంలోనే ఉందని ఈ పుస్తకాలన్నీ అంటాయి గానీ, ఏ మూలన ఉందన్న దగ్గరే తగాదా. పీడితుడి నిట్టూర్పు, జనం పాలిట నల్లమందు అని మార్క్స్ 1844లో రాశాడు. తిండికీ వైద్యానికీ ప్రాణానికీ భరోసా ఉన్న దేశాల్లో మతం పట్టు సడలుతుందని 2004లో పరిశోధకులు నోరిస్, ఇంగిల్‌హార్ట్ అన్నారు. పశ్చిమ ఐరోపాని చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ మా నాన్న చిన్నప్పుడు ఇటువైపంతా పొలాలట. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, కార్పొరేట్ ఆస్పత్రులు. మాల వేసేవాళ్ళు తగ్గారా? సిద్ధాంతం తప్పా, నేను చూస్తున్నది తప్పా?

లెక్కల మాస్టారు, గుంటూరు:
డబ్బు రావడం వేరు, నిశ్చింత రావడం వేరు బాబూ. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నాడు. అక్కడివాళ్ళు ఒడ్డునున్న మడుగులో చేపలు పట్టడానికి మంత్రాలేమీ వాడరు. నడిసముద్రంలోకి పోవాలంటే మాత్రం తంతు మొత్తం జరగాల్సిందే. మన దగ్గరా అంతే. కాలవ కింద మాగాణి చేసేవాడికీ మిర్చి రైతుకీ తేడా చూడు. ఎకరాకి లక్షలు పోశాక 2021లో నల్ల తామరపురుగు వచ్చి పూత మీద పడింది. అది దాటినా, యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) దించేదాకా ధర తెలీదు. వాడు మొక్కుకోక ఏం చేస్తాడు? కూతురి వీసా గురించి టెన్షన్ పడే నీ అపార్ట్‌మెంట్ ఆసామిదీ నడిసముద్రమే.

కృష్ణలంక భవానీ:
మాస్టారూ, భయమే కారణమైతే ఎవరింట్లో వాళ్ళు దణ్ణం పెట్టుకుంటే సరిపోతుంది. ఇంతమంది ఒక్కచోటికే ఎందుకు రావాలండీ? ఫ్రెంచి సోషియాలజిస్టు దుర్ఖేమ్ 1912లో చెప్పింది ఇదే. ఆస్ట్రేలియా తెగలు ఏడాదిలో చాలా కాలం చిన్న చిన్న గుంపులుగా తిండి వెతుక్కుంటూ తిరుగుతాయి. అందరూ ఒకచోట కూడినప్పుడు ఒళ్ళు తెలియని ఊపు వస్తుంది. ఆ బలం తమ గుంపుదేనని తెలియక, గుంపు గుర్తుకి అంటగట్టి దానికి మొక్కుతారు. నేను మూడుసార్లు భవానీ దీక్ష తీసుకున్నా, నలభై ఒక్క రోజులు. ఒకసారి మా ఓనరు కూడా వేశాడు. ఆయన నన్ను "భవానీ" అని పిలిచేవాడు, నేనూ ఆయన్ని అలాగే. ఇద్దరం ఒకే పంక్తిలో తిన్నాం. ఇరుముడి సమర్పించి మాల తీసిన మర్నాడు మళ్ళీ "ఏరా". అప్పుడు నాకేం కష్టం లేదు, మొక్కూ లేదు. ఆ నలభై రోజుల పిలుపు కోసమే వేశానేమో. కోటప్పకొండ ప్రభలు చూడండి, శివరాత్రికి ఊరూరా చందాలేసుకుని ఆకాశమంత ప్రభ కడతారు. పక్క ఊరి ప్రభ కంటే తమది పొట్టిదైతే ఏడాదంతా తల ఎత్తుకోలేరు. అందులో భయం ఏదండీ?

లెక్కల మాస్టారు, గుంటూరు:
ఆ దుర్ఖేమ్ ఆస్ట్రేలియా వెళ్ళనే లేదు నాయనా. అక్కడ తిరిగిన స్పెన్సర్, గిల్లెన్ లాంటివాళ్ళు రాసినవి పారిస్‌లో కూర్చుని చదివాడు. పైగా జనం గుమిగూడిన ప్రతిచోటా దేవుడు పుడితే, సినిమా రిలీజ్ రోజు హాలు దగ్గర కూడా పుట్టాలి.

కృష్ణలంక భవానీ:
కటౌట్‌కి పాలాభిషేకం చేసేది ఎక్కడ మాస్టారూ?

లెక్కల మాస్టారు, గుంటూరు:
సరే, ఈ పాయింటు నీకే.

బ్రాడీపేట ఆదివారం:
ఇంతవరకూ భయం, గుంపు అన్నారు. మా దళిత క్రైస్తవుల గురించి ఊళ్ళో అనే మాట మూడోది: కూటి కోసం మతం మారారని. హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చింది 1842లో. మా ముత్తాత ఆ తర్వాత చాలా ఏళ్ళకి మారాడు. బడి దొరికింది, నిజమే. ఊళ్ళో పేరు చివర "గాడు" తగిలించకుండా పిలిచిన మొదటి మనిషి పాస్టరే అని మా నాయనమ్మ చెప్పేది. ఇవి సామాజిక కారణాలే, కాదనను. కానీ లాభనష్టాల లెక్కే అసలు కారణమైతే, ఆ లెక్క తిరగబడ్డప్పుడు మతం కూడా వదలాలి కదా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే పెట్టారు. 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ వర్తింపజేశారు, మాకు లేదు. మన రాష్ట్రంలో మాకు మిగిలింది బీసీ-సీ కోటా, ఒక్క శాతం రిజర్వేషన్. అయినా వెనక్కి పోలేదు. కొందరు కాగితం మీద ఒకటి రాయించుకుని ఆదివారం ఇంకోటి ఆచరిస్తారు, దాచేదేం లేదు. వాళ్ళు కాగితమే మార్చారు, ఆదివారం మార్చలేదు. జర్మన్ సోషియాలజిస్టు వెబర్ మాట నాకు దగ్గరగా అనిపిస్తుంది: ఉన్నవాడు తనకి దక్కింది న్యాయమేనని మతంతో చెప్పించుకుంటాడు, లేనివాడు రేపు న్యాయం జరుగుతుందన్న మాట కోసం మతం దగ్గరికి వస్తాడు. ఆ మాట ముందు రిజర్వేషన్ ఎంత? (చర్చిలోనూ కులం పోలేదు, అది ఇంకో రోజు ఏడుద్దాం.)

లబ్బీపేట సుబ్బులక్క:
అన్నీ చెప్పారు గానీ అమ్మవారు ఉందా లేదా ఒక్కరూ చెప్పలేదు. శుక్రవారం దుర్గమ్మ కొండకి పోతా, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరనాళ్ళకీ పోతా. మరి నన్ను ఏ గుంపులో వేస్తారు బాబూ?

పటమట కుర్రోడు:
అక్కా, ఆ ప్రశ్న ఈ శాస్త్రం పరిధిలోది కాదు. సోషియాలజిస్టు బెర్గర్ 1967లోనే ఒప్పుకున్నాడు, దేవుడు ఉన్నాడో లేడో పక్కన పెట్టి మనుషులు చేసేదే చూస్తామని. మీకు ఎక్కాలు ఎవరు నేర్పారో కనుక్కున్నంత మాత్రాన ఎక్కం తప్పయిపోదు. గుణదల సంగతి మాత్రం నిజంగా చిక్కే. గుంపు గుర్తుకే మొక్కుతారంటే, పక్క గుంపు గుర్తుకి మీరెందుకు మొక్కుతున్నట్టు? ఇది కృష్ణలంక అన్న తేల్చాలి.

కృష్ణలంక భవానీ:
అక్కది మతం గుంపు కాదు, ఊరి గుంపు. బెజవాడ వాళ్ళకి రెండు కొండలూ మనవే. (ఒప్పుకుంటా, కాస్త సాగదీశా.)

గ్రహణం భోజనం:
మీ పటమటలోనే గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది, మర్చిపోయారా? 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టి 1947లో ఇక్కడికి తెచ్చారు. గ్రహణం వేళ గర్భిణులతో సహా అందరూ బయటికొచ్చి, కలిసి తిని, ఏమీ కాదని చూపించారు. భయం పోగొడితే దేవుడు పోతాడు, అంతే.

కృష్ణలంక భవానీ:
అందరూ కూడి, కలిసి తిని, 1972లో ప్రపంచ నాస్తిక మహాసభ కూడా పెట్టారుగా. దేవుణ్ణి తీసేశారు గానీ పంక్తిని తీయలేదు.

గ్రహణం భోజనం:
కలిసి తిన్నదంతా మతమైతే కర్రీ పాయింట్ కూడా గుడే. అక్కడ కూర్చున్నది కులాల గోడ పగలగొట్టడానికి, దేన్నీ కొలవడానికి కాదు.

లెక్కల మాస్టారు, గుంటూరు:
వాదన ఎటూ తేలదు గానీ, ఒక పరీక్ష జరిగింది కదా. 2020లో భయం కొండంత పెరిగింది, గుంపు మాత్రం బంద్. నా లెక్క ప్రకారం భక్తి పెరగాలి, కృష్ణలంక లెక్క ప్రకారం చల్లారాలి. ఎవరు ఏం చూశారు?

బ్రాడీపేట ఆదివారం:
మా అమ్మ సంగతి చెప్తా. ఆరాధన ఫోన్‌లో వచ్చేది. మొదటి నెల ఉతికిన చీర కట్టుకుని, ముసుగు వేసుకుని ఫోన్ ముందు కూర్చుంది. మూడో నెలకి వంటింట్లో ఫోన్ ఆనించి ఉల్లిపాయలు తరుగుతూ వినేది. ప్రార్థన మాత్రం రాత్రిళ్ళు రెట్టింపయింది, ఆ మాట మాస్టారి వైపే. తర్వాత చర్చి తలుపులు తీశారు. తన పాత బెంచీలోనే కూర్చుంది. వాక్యం మొదలైనా బైబిల్ తెరవలేదు. వెనక్కి తిరిగి వరస వరసా చూస్తూ ఎవరెవరు లేరో లెక్కపెట్టింది.