ఫాల్స్ సీలింగ్, గోడ అల్మరా వద్దు: అమ్మేవాళ్లతో తీయించాలా, కొన్నాక మేమే తీయించుకోవాలా?

మొదటి ఇల్లు కొంటున్నాం, అగ్రిమెంటు ఇంకా రాసుకోలేదు. హాల్లో జిప్సం ఫాల్స్ సీలింగ్, పడగ్గదిలో గోడకు బిగించిన ప్లైవుడ్ అల్మరా ఉన్నాయి. రెండూ మాకు వద్దు. అమ్మేవాళ్లను తీయమంటే యాంకర్ బోల్టులు పీకి ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడగొడతారేమో, లైట్ల వైర్లు అతుకులతోనే వేలాడదీసి పోతారేమో అని భయం. బోల్టులను పీకకుండా గోడ మట్టానికి గ్రైండర్‌తో కోయించడం మేలా?

అలాగే ఉంచి కొంటే స్లాబులో చెమ్మ, అల్మరా వెనక చెదలు ఉన్నా కనిపించవు. ఒక లైటు దించి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే సరిపోతుందా? అల్మరా కింద టైల్స్ వేశారో లేదో తీయకుండా తెలుసుకోవడం ఎలా?

ఏవి తీయాలి, రంధ్రాలు ఎవరు పూడ్చాలి, ఎప్పటిలోగా అన్నది అగ్రిమెంటులో రాయించి, పని పూర్తయ్యేదాకా కొంత సొమ్ము ఆపాలనుకుంటున్నాం. ఆ షరతు ఎలా రాయించాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?