కొయ్య పక్షులను నిలిపితే టెర్న్‌లు తిరిగి వస్తాయా?

బరంపురం మాస్టారు: సముద్రపక్షుల మీద పరిశోధన చేస్తున్న మా మేనకోడలు, మన గంజాం తీరంలో ఒక ఏటి మొగ దగ్గర, టెర్న్‌లు అనే సముద్రపక్షులు గుడ్లు పెట్టడం మానేసిన ఇసుక దిబ్బ మీద కొయ్య పక్షులను నిలిపి, వాటి అరుపులను స్పీకరులో వినిపించి, వాటిని మళ్ళీ రప్పించాలనుకుంటోంది. అమెరికాలోని ఈస్టర్న్ ఎగ్ రాక్ దీవిలో వేట వల్ల కనుమరుగైన పఫిన్ అనే సముద్రపక్షులను స్టీఫెన్ క్రెస్ అనే పక్షి శాస్త్రవేత్త ఇలాగే రప్పించారు. 1973 నుంచి కెనడా నుంచి పఫిన్ పిల్లలను తెచ్చి, చేపలు పెట్టి పెంచి, కొయ్యబొమ్మలు నిలిపితే 1981లో అవి గూళ్ళు పెట్టాయి. ఇక్కడ ఎందుకు జరగకూడదు?

చిలికా పడవ: పక్షిని మోసగించడం కూడా పరిశోధనేనా?

బరంపురం మాస్టారు: మోసం కాదండీ. టెర్న్‌లు గుంపుగానే గూళ్ళు పెడతాయి, కాకి వస్తే అన్నీ కలిసి తరుముతాయి. అందుకే ఖాళీ దిబ్బ మీద దిగడానికి జంకుతాయి. ఎనిమిదేళ్ళ ఓపిక మాత్రం కావాలి.

గోపాల్‌పూర్ గుమాస్తా: ఎనిమిది కాదు, నాలుగు. మొదటి పఫిన్ 1977లోనే తిరిగి వచ్చింది.

బరంపురం మాస్టారు: వచ్చి వాలడం వేరు, గూడు పెట్టడం వేరు.

గోపాల్‌పూర్ గుమాస్తా: మీరే కదా "రప్పించారు" అని రాశారు? ఇప్పుడు మాట మార్చడం పద్ధతి కాదు.

ఏటిమొగ: నాలుగా ఎనిమిదా అని మీరు తగువులాడుకుంటున్నారు గానీ, ఆ ఏళ్ళన్నీ దిబ్బ మీద కాపలా ఎవరు కాస్తారో ఒక్కరూ అడగలేదు. నేను సముద్రంలో చేపలు పట్టే నోలియా ఇంటి బిడ్డను, ఆ దిబ్బనే మూడు వేసవులు కాశాను. టెర్న్ గూడంటే ఇసుకలో చిన్న గుంట మాత్రమే. గుడ్డు ఇసుక రంగులో, నల్లమచ్చలతో ఉంటుంది కనుక కాలు పడబోయేదాకా కనిపించదు. మనుషుల అలికిడికి తల్లి లేచిపోతే మిట్టమధ్యాహ్నపు ఎండకు గుడ్డు మాడిపోతుంది. పగలంతా జనాన్ని చుట్టూ తిప్పి పంపేవాణ్ణి, రాత్రి కుక్కలను అదిలించేవాణ్ణి. కాపలా ఆగిన మరుసటి ఏడే కుక్కలు దిబ్బను ఊడ్చేశాయి. అక్కడ కొరవడింది తోడు పక్షి కాదు మాస్టారూ. నా నోటుబుక్కులోని గుడ్ల లెక్క ఒక నివేదికలోకి ఎక్కింది, నా పేరు "స్థానిక సహాయకులు" అయింది, రెండు నెలల కూలి నేటికీ రాలేదు. తాబేళ్ళ కోసమని నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట మానుకుంటున్న వాళ్ళం మేము. ఇప్పుడు పక్షుల కోసం కూడా మమ్మల్నే ఊరికే నిలబడమంటారా?

బరంపురం మాస్టారు: మీ కోపం న్యాయమే గానీ, దానికి మా అమ్మాయిని తప్పుపట్టడం సరికాదు. ఆమె ఫెలోషిప్పే రెండేళ్ళది.

ఏటిమొగ: నా గొడవ సరిగ్గా అదే. రెండేళ్ళ తరువాత ఆమె మరో తీరానికి వెళుతుంది, ఆ స్పీకరు బ్యాటరీ మార్చాల్సింది నేను. కాపలాదారు జీతం ఏ పద్దులో ఉందో, ఎన్నేళ్ళకు ఉందో కనుక్కుని రాయండి.

బరంపురం మాస్టారు: ఫోను చేసి అడిగాను. "రవాణా, ఇతర ఖర్చులు" అన్న పద్దులో కలిపి, పది నెలలకు వేశారట. మార్చమని చెప్పాను.

గోపాల్‌పూర్ గుమాస్తా: అయినా 1977లో వచ్చిన మాట నిజమే.