మల్టీపాత్‌కి మ్యాన్ పేజీ ఒక్కటే సరిపోతుందా?

సర్వర్ కాపలా:
మల్టీపాత్ అంటూ ఒకే డిస్క్‌కి రెండు దారులు పెట్టుకునేది, ఒకటి పోయినా పని ఆగకూడదనేగా! ఈ పనికి లైనక్స్‌లో మల్టీపాత్‌డీ, ఫ్రీబీఎస్‌డీలో జీమల్టీపాత్ ఏళ్ల తరబడి ఉన్నాయి. కానీ దారులన్నీ ఒకేసారి పోతే ఏమవుతుందో మ్యాన్ పేజీ (కమాండ్‌తో పాటే వచ్చే వివరణ) చదివి ముందే చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఎంతమంది? డాక్యుమెంటేషన్ సరిగ్గా లేదంటాను.

మ్యాన్‌పేజీ అభిమాని:
ఒప్పుకోనండి. నో_పాత్_రీట్రై (దారులన్నీ పోతే ఏం చేయాలో చెప్పే లైనక్స్ సెట్టింగ్) గురించి స్పష్టంగానే ఉంది. ‘ఫెయిల్’ అంటే వెంటనే ఎర్రర్. ‘క్యూ’ అంటే దారి తిరిగొచ్చేదాకా ఎదురుచూడటం. అంకె వేస్తే అన్నిసార్లు చూసి వదిలేస్తుంది. ఇంకేం రాయాలి? ఎక్కడిదో పాత కాన్ఫిగ్ ఎత్తుకొచ్చి పెట్టుకుంటే పేజీ తప్పా?

సర్వర్ కాపలా:
అర్థం రాశారు, పర్యవసానం రాయలేదు. ‘క్యూ’ పెట్టి దారులన్నీ పోయాయనుకోండి. ప్రాసెస్‌లు డీ స్టేట్‌లో (డిస్క్ జవాబు కోసం కదలకుండా ఎదురుచూసే స్థితిలో) ఇరుక్కుంటాయి, బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టినా చావవు, అన్‌మౌంట్ అవదు, షట్‌డౌన్ కూడా వేలాడొచ్చు. అర్ధరాత్రి ఆ టెన్షన్‌లో ఉన్నవాడికి కావాల్సింది ఆ ఎదురుచూపును ఆపించే డిజేబుల్‌క్యూయింగ్ కమాండ్. అదేమో మల్టీపాత్‌డీ పేజీలో, కమాండ్ల జాబితా మధ్యలో ఉంటుంది. పైగా మీ కాన్ఫిగ్ ఫైల్లో నో_పాత్_రీట్రై లైనే లేకపోయినా, స్టోరేజ్ మోడల్‌ను బట్టి ప్రోగ్రామ్ లోపలే ఉండే హార్డ్‌వేర్ టేబుల్ (మోడళ్ల వారీ సెట్టింగుల పట్టిక) తన విలువ పెట్టేయవచ్చు.

బీఎస్‌డీ పక్షం:
నా గొడవ ఇంకోటి. జీమల్టీపాత్ లేబుల్ కమాండ్ తన మెటాడేటాను (డిస్క్‌ను గుర్తుపట్టే సమాచారాన్ని) డిస్క్ చివరి సెక్టార్‌లో రాస్తుంది. జీపీటీ (పార్టిషన్ల పట్టిక) బ్యాకప్ హెడర్ ఉండేదీ అక్కడే! ముందు లేబుల్ చేసి, తర్వాత ఆ మల్టీపాత్ డివైస్ మీదే పార్టిషన్లు వేయాలి. ఈ వరుస మొట్టమొదటి ఉదాహరణలోనే కనబడాలి. రెండు విషయాలూ విడివిడిగా తెలిసినవాళ్లకి కూడా అవి ఢీకొంటాయని తట్టదు.

కెర్నల్ పిచ్చి:
ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీలు వాడే పద్ధతి) డిస్క్‌లకి లైనక్స్ 4.15 నుంచి కెర్నల్‌లోనే సొంత మల్టీపాత్ ఉంది. అది ఆన్‌లో ఉంటే మల్టీపాత్‌డీ కాన్ఫిగ్ ఫైల్ మల్టీపాత్.కాన్ఫ్‌లో ఎన్ని మార్చినా ఆ డిస్క్‌ల తీరు మారదు. ఇదీ కలిపి చెప్పాలి.

మ్యాన్‌పేజీ అభిమాని:
ఉదాహరణలు చాలవంటే సరే. రాసేదెవరు? రెండు కంట్రోలర్ల స్టోరేజ్ డెవలపర్లందరి దగ్గరా ఉంటుందా? ఫెయిలోవర్ (ఒక దారి పోతే ఇంకోదానికి మారడం) చూసేది మీరే, పేజీకి ప్యాచ్ (మార్పు) పంపండి.

సర్వర్ కాపలా:
పంపుతాం. కానీ ఆ సాకు సగమే నిజం. వర్చువల్ మెషీన్‌లో ఐస్కజీ టార్గెట్‌ని (నెట్‌వర్క్ మీద అందే డిస్క్‌ని) రెండు నెట్‌వర్క్ కార్డుల మీద ఇచ్చి, రెంటినీ డౌన్ చేస్తే చాలావరకు కనబడుతుంది. కొత్త ఆప్షన్‌తో పాటు ‘దారి పోతే ఏమవుతుంది’ అన్న పేరా లేకపోతే రివ్యూలోనే ఆపాలి. ఒప్పుకుంటారా?

మ్యాన్‌పేజీ అభిమాని:
కొత్తవాటికి ఒప్పుకుంటా. పాతవాటికి రాసేవాళ్లెవరో తేలేదాకా నా మాట మీదే ఉంటా.