పెద్ద తాబేలు ఊపిరి వదిలినప్పుడల్లా ఈల శబ్దం వస్తోంది: ఇది జబ్బేనా?

ప్రశ్న: పెరటి తాబేలు (అనంతపురం)

నమస్కారమండీ. మా మేనమామగారు చాలా ఏళ్లుగా పెంచిన ఆఫ్రికా జాతి సల్కాటా తాబేలు ఇప్పుడు అనంతపురంలో మా పెరట్లో ఉంటోంది. అది మగది. బస్తాలు తూచే కాటా మీద పెడితే ముప్పై కిలోలు దాటింది. చలికాలం మొదలైనప్పటి నుంచి దాని దగ్గర మూడు రకాల శబ్దాలు వింటున్నాము. తల దగ్గరికి చెయ్యి పోనిస్తే బుస్సుమని తల లోపలికి లాక్కుంటుంది. పేడ వేసేటప్పుడు ఒక్కోసారి గట్టిగా మూలుగుతుంది. ఈ రెండింటికంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మూడోది. పొద్దుగూకి కొట్టంలోకి చేరిన తరువాత, ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నని ఈల వినిపిస్తోంది. టార్చిలైటు పట్టుకొని దగ్గర కూర్చొని చూస్తే, కుడి ముక్కురంధ్రంలో నీటిబొట్టు బుడగలా ఉబ్బి పగులుతోంది, ముక్కు కింద ఆ తడికి మట్టి అంటుకొని నల్లని గీత కట్టింది. మధ్యాహ్నం ఎండలో గడ్డి బాగానే మేస్తోంది గాని, ఉదయం పూట ఏమీ ముట్టడం లేదు. కొట్టంలో నేలంతా తాడిపత్రి బండలే.

మరొక సంగతి. ఒంటరిగా ఉన్నందువల్ల దిగులుపడిందేమోనని, తోడుగా ఉంటుందని, గుట్టల్లో దొరికిన నక్షత్ర తాబేలునొకదాన్ని తెచ్చి ఇస్తామని తెలిసినవారు అంటున్నారు. తీసుకోవచ్చునా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు (కడప)

మీరు ఇంత శ్రద్ధగా గమనించి రాయడం వల్ల సమాధానం చెప్పడం సులువైంది. తాబేలు శబ్దం చేసిందా లేదా అన్నదానికంటే, ఆ శబ్దం ఏ పనితో వస్తున్నదన్నది ముఖ్యం. తల లోపలికి లాక్కున్నప్పుడు వచ్చే బుస జబ్బూ కాదు, కోపమూ కాదు. తలా కాళ్లూ ఒక్కసారిగా లోపలికి పోయినప్పుడు డిప్ప లోపల చోటు చాలక ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి తన్నుకు వస్తుంది, అంతే. మగ సల్కాటాలు జతకట్టేటప్పుడు దూరానికి వినిపించేటంత గట్టిగా గుర్రుమంటాయి, అదీ సహజమే.

ప్రతి శ్వాసతోనూ వచ్చే ఈలను మాత్రం ఈ కోవలో చేర్చకూడదు. తాబేలుకు మనకున్నటువంటి ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండరపు పొర) లేదు. కాళ్ల కండరాలూ పొట్ట కండరాలూ కదిలితేనే దాని ఊపిరి ఆడుతుంది. ఈ కారణంగానే అది మనలాగా గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తెచ్చుకోలేదు. చేరిన చీమిడి అక్కడే నిలిచిపోతుంది, చూస్తుండగానే ముక్కులో మొదలైనది ఊపిరితిత్తుల దాకా దిగి న్యుమోనియాగా మారుతుంది. గడ్డి నలుసు ఇరుక్కున్నా, దుమ్ము పట్టినా ఒక రంధ్రం నుంచి ఈల రావచ్చును గాని, మీరు చెప్పిన బుడగ, ఉదయం మేత మానడం, చలితో పాటు మొదలవడం, ఈ మూడూ కలిసినప్పుడు శ్వాసకోశ వ్యాధిగానే భావించి చూపించడం క్షేమం. మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఊపిరికొకసారి ముందుకాళ్లు లోపలికీ బయటికీ బలంగా ఆడుతున్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

మీ ప్రశ్నలో నా దృష్టి ఎక్కువసేపు నిలిచినది బండల నేల. సల్కాటా సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతపు జీవి, శీతకాలపు నిద్ర దానికి లేదు. పగటిపూట 29 నుంచి 35 డిగ్రుల వేడి దొరికితేనే దాని జీర్ణశక్తీ, రోగనిరోధక శక్తీ సక్రమంగా పనిచేస్తాయి. మే నెలలో చల్లగా హాయినిచ్చే అదే బండ, డిసెంబరు రాత్రి దాని పొట్ట కింద నుంచి వేడినంతటినీ లాగేస్తుంది. ఈ రాత్రే బండల మీద చెక్కపలకలు పరిచి, వాటి మీద ఎండుగడ్డి మందంగా వేయండి. గాలి కొట్టే వైపు గోనెపట్టాలు కట్టండి. వేడినిచ్చే దీపం పెడితే గడ్డికి దూరంగా, తాబేలు తగలనంత ఎత్తులో గట్టిగా బిగించండి. అయితే ఒంటికి వెచ్చదనం ఇవ్వడం వైద్యానికి తోడు మాత్రమే, వైద్యానికి బదులు కాదు.

ప్రశ్న అడిగినవారు: పెరటి తాబేలు

చాలా కృతజ్ఞతలండీ. పలకలు, గడ్డి ఇప్పుడే వేయించాను. ఇక్కడి డాక్టరుగారు గొర్రెలు, గేదెల వైద్యంలో ఉన్నంత అనుభవం తాబేళ్ల విషయంలో తనకు లేదని ముందే చెప్పారు. ఎక్కడికి తీసుకెళ్తే మంచిది? పేడ వేసేటప్పటి మూలుగు గురించి కూడా చెప్పగలరా?

సమాధానం: గరికపోచ (ప్రొద్దుటూరు)

మా ఊళ్లోనూ, తిరుపతిలోనూ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాలలు ఉన్నాయి. ముందుగా ఫోను చేసి, తాబేలుకు ఎక్స్‌రే తీసే వీలుందా అని కనుక్కొని బయలుదేరండి. మీకు బెంగళూరు కూడా దగ్గరే. తాబేళ్లను, పక్షులను ప్రత్యేకంగా చూసే వైద్యులు అక్కడ దొరుకుతారు. ఎండ బాగా వచ్చిన తరువాత, గడ్డి పరిచిన పెట్టెలో, చలిగాలి తగలకుండా తీసుకెళ్లండి.

మూలుగు ఎప్పుడో ఒకసారి వస్తే పట్టించుకోనక్కర లేదు. తాబేలు మాటిమాటికీ ముక్కుతూ, వెనుక కాళ్ల మీద లేస్తూ, ఏమీ పడకపోతే మలబద్ధకమో, మూత్రాశయంలో రాయో కావచ్చు. నీళ్లు తక్కువైన తాబేళ్లలో తెల్లని యూరేట్లు (మూత్రంతో వచ్చే లవణాలు) ముద్ద కట్టి రాయిగా మారతాయి. మామూలుగా మూత్రంతో వచ్చే తెల్లని పదార్థం మెత్తగా ఉండాలి. వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడితే డాక్టరుకు తప్పక చెప్పండి. ఎటూ ఎక్స్‌రే తీస్తారు గనుక రాయి సంగతి కూడా అందులోనే తేలుతుంది.

మేత విషయంలో ఒక్క మాట. మన సీమలో చేతికందే వేరుశనగ కట్టెను రోజూ వేయకండి. అందులో మాంసకృత్తులు ఎక్కువ, సల్కాటాకు కావలసింది పీచు. గరిక, ఎండుగడ్డి ప్రధానంగా ఉంచి, ముళ్లు కాల్చిన నాగజెముడు మట్టలు అప్పుడప్పుడూ వేయండి. వాటిలో నీరూ, కాల్షియమూ రెండూ ఉన్నాయి.

సమాధానం: వన్యప్రాణి మిత్రుడు (కర్నూలు)

నక్షత్ర తాబేలును దయచేసి తీసుకోవద్దు. అది 2022 సవరణ తరువాత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉంది. ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఎవరైనా ఇప్పటికే పట్టి ఉంచితే అటవీశాఖకు అప్పగించమని చెప్పండి. తాబేళ్లు ఒంటరిగా బతికే జీవులే, తోడు లేదని జబ్బుపడవు. పైగా మైకోప్లాస్మా అనే బాక్టీరియా వల్ల వచ్చేటటువంటి శ్వాసకోశ వ్యాధులు ఒక తాబేలు నుంచి మరొకదానికి అంటుకుంటాయి. సల్కాటా కూడా సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోని జాతి గనుక, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. మీ మేనమామగారి పేరున నమోదై ఉంటే, యాజమాన్యం మీకు మారిన సంగతిని అక్కడ తెలియజేయండి.

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు (కడప)

బయలుదేరే ముందు ఒక హెచ్చరిక. గొర్రెలకూ, పశువులకూ పురుగుల మందుగా మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. పక్షవాతం వచ్చి చనిపోతాయి. తాబేళ్లతో అలవాటు లేని చోట చికిత్స జరిగితే ఈ మాట మీరే గుర్తుచేయండి, ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు. సూదిమందు వేయవలసి వస్తే వెనుక కాలికి కాక ముందు కాలికి వేయమని అడగండి. వెనుక భాగపు రక్తం ముందుగా మూత్రపిండాల మీదుగా పోయే మార్గం తాబేళ్లలో ఉంది గనుక, అక్కడ వేసిన మందు ఒళ్లంతా చేరకముందే మూత్రపిండాల్లోకి పోవచ్చు. రాత్రి కొట్టంలో ఉష్ణోగ్రత ఎంత ఉంటున్నదో థర్మామీటరు పెట్టి రాసుకొని వెళ్లండి. తాబేలు ఒంటి వేడిని బట్టి మందు పనిచేసే తీరు మారుతుంది గనుక, మోతాదు నిర్ణయించడానికి ఆ అంకె డాక్టరుకు అవసరం.